అటూ ఇటూ చూసి చెప్పిన మాట

 



ఒక వ్యక్తి మీతో ఏదో మాట చెప్పి, అటూ ఇటూ చూశాడనుకోండి. ఆ మాట మీ వద్ద అమానతు అయిపోతుందని దైవప్రవక్త (స) బోధించారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఈ బోధ నమోదై ఉంది. ఇది రహస్యమనీ, ఎవరికీ చెప్పవద్దనీ ఆ వ్యక్తి నోరు తెరిచి కోరలేదు, ప్రమాణం చేయించుకోలేదు. కేవలం మెడ తిప్పి చూశాడు. ఆ చూపులోని బెరుకును గ్రహించి మాటను దాచిపెట్టడం విన్నవాని బాధ్యత అయింది.

నేడు మన మాటలలో సగం ఫోనులోనే సాగుతున్నాయి. రాత్రి పదకొండు గంటలకు ఒక సోదరుడు తన అప్పుల గురించి మీకు సందేశం పంపుతాడు. అతడు అటూ ఇటూ చూశాడో లేదో మీకు కనిపించదు. వాట్సాప్ 2016 నుండి సందేశాలకు ఒక తాళం వేస్తోంది. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో మరెవరూ వాటిని చదవలేరు. మంచిదే. అయితే ఆ తాళం దారికి వేసినది. మాట గమ్యం చేరిన తరువాత స్క్రీన్‌షాట్ తీసే వేలికి ఏ కంపెనీ కూడా తాళం వేయజాలదు.

హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) బాల్యంలో జరిగిన ఒక సంఘటనను సహీహ్ ముస్లిం గ్రంథంలో చూస్తాము. దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఏదో పని మీద పంపారు. ఇంటికి రావడం ఆలస్యమైంది. ఎక్కడికి వెళ్లావని తల్లి అడిగింది. ప్రవక్త (స) పని మీద వెళ్లానన్నాడు. ఏమిటా పని అంటే, అది రహస్యమన్నాడు. మన ఇళ్లలో అయితే ఆ తరువాత ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు! ఆ తల్లి మాత్రం గుచ్చి గుచ్చి అడగలేదు. ప్రవక్త (స) రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తానే కుమారునికి బోధించింది. అనస్ (ర) పెరిగి పెద్దవాడైన తరువాత కూడా, తన ప్రియ శిష్యునికి సైతం ఆ పని ఏమిటో చెప్పలేదు.

ఇక నేను మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. రెండేళ్ల క్రితం రమజాను మాసంలో జకాత్ పంపిణీ పారదర్శకంగా జరగాలన్న ఉద్దేశంతో, సాయం పొందిన కుటుంబాల జాబితాను ఫోటో తీసి మన మొహల్లా గ్రూపులో పెట్టించాను. పేర్లు, వీధులు, ఫోను నంబర్లు, ఎవరికి ఎంత ముట్టిందో ఆ వివరాలు, అన్నీ అందులో ఉన్నాయి. దాతలు సంతోషించారు. "మాషా అల్లాహ్" అంటూ బదులిచ్చారు. నాలుగు రోజుల తరువాత ఒక వితంతువు మా ఇంటికి వచ్చి, మా ఇంటావిడతో మాట్లాడి వెళ్లింది. ఆమె కూతురు కాలేజీలో చదువుతోంది. ఆ జాబితా ఎవరి ఫోను నుండి ఎవరి ఫోనుకు వెళ్లిందో తెలియదు గానీ, ఆ అమ్మాయి తరగతికి చేరింది. కూతురు కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. తాను తీసుకున్న బియ్యం, డబ్బు తిరిగి ఇచ్చేయవచ్చా, ఇస్తే తమ పేరు తీసేస్తారా అని మాత్రం అడిగిందట.

గ్రూపులో ఆ ఫోటోను తొలగించాను. అప్పటికే చేరిన ఫోనుల నుండి దానిని తీసివేయడం నా తరం కాలేదు. కుడిచేతితో ఇచ్చినది ఎడమచేతికి తెలియనంత గుప్తంగా దానం చేసేవానికి ప్రళయదినాన దైవఛాయ లభిస్తుందన్న హదీసును ఈ మింబరు మీద నుండి నేను ఎన్నో సార్లు వినిపించాను. జాబితా ఫోటో తీయించినప్పుడు అది నాకు గుర్తు రాలేదు. పారదర్శకత లెక్కలకు ఉండాలి, ఆకలికి కాదు. ఆ తేడా నాకు ఒక ఆడపిల్ల చదువు ఆగిన తరువాత తెలిసింది.

సోదరులారా! ఇక్కడ పరువు పోయింది. మరో చోట ప్రాణాలే పోయాయి. 2018 జూలై 13న మన హైదరాబాదు నుండి కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లారు. దారిలో ఒక గ్రామం వద్ద పిల్లలకు చాక్లెట్లు పంచారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు ఆ నెలల్లో దేశమంతటా వాట్సాప్‌లో చెలరేగుతున్నాయి. గ్రామస్థులు అనుమానించారు. మిత్రులు కారులో బయలుదేరేసరికి, వారికంటే ముందే వారి వీడియో వాట్సాప్‌లో ముందున్న గ్రామానికి చేరింది. ముర్కి వద్ద దారి కాచిన మూక వారి మీద పడింది. ఒక యువ ఇంజనీరు మరణించాడు. అతని మిత్రులు తీవ్రంగా గాయపడ్డారు. కాపాడబోయిన పోలీసులకు కూడా గాయాలయ్యాయి. దానికి పన్నెండు రోజుల ముందు మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో ఇటువంటి పుకారుకే సంచార జాతికి చెందిన ఐదుగురు నిరుపేదలు బలయ్యారు.

విశ్వసనీయుడు కానివాడు వార్త తెస్తే విచారించి నిర్ధారించుకోవాలనీ, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ హుజురాత్ సూరా హెచ్చరిస్తోంది. ఆ వీడియోను ముందుకు పంపినవారిలో ఎక్కువమంది హంతకులు కారు. పిల్లల మీద ప్రేమ ఉన్న తల్లిదండ్రులే అయివుంటారు. భయపడ్డారు, బొటనవేలు కదిలించారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి పంపే వీలు లేకుండా చేసింది. 2020 ఏప్రిల్‌లో, అనేకసార్లు చేతులు మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేలా పరిమితం చేసింది. మనిషి తన వేలిని అదుపు చేసుకోకపోతే యంత్రం చేయవలసి వచ్చింది. అదే 2018లో మన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి మరో దారి పట్టారు. కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, డప్పుల మీద, పాటలతో, ఫోనులో వచ్చినదంతా నిజం కాదని చెప్పించారు. నాకు ఈ రెండవ మార్గం మీదే ఎక్కువ గురి.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నోరు రాని విషయం. 2021 జూలైలోనూ, మళ్లీ 2022 జనవరి 1న కూడా, ముస్లిం స్త్రీల చిత్రాలను సామాజిక మాధ్యమాల నుండి వారి అనుమతి లేకుండా తీసుకుని, ఇంటర్నెట్‌లో వారిని వేలానికి పెట్టినట్లు చూపారు. రెండవసారి అలా అవమానితులైన వారి సంఖ్య నూరుకు పైబడింది. పాత్రికేయులు, విద్యార్థినులు, ప్రశ్నించే గొంతు ఉన్నవారు. నిందితులుగా అరెస్టైన వారిలో 18 ఏళ్ల అమ్మాయి, 21 ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థి ఉన్నారు.

అప్పట్లో మన వారిలోనే కొందరు, అసలు వీళ్లు ఫోటోలు ఎందుకు పెట్టుకోవాలి అన్నారు. నేను ఈ చెవులతో విన్నాను. వారికి ఒక హదీసు గుర్తు చేస్తాను. దైవప్రవక్త (స) తమ గృహంలో తల దువ్వుకుంటుండగా ఒకడు తలుపు సందులో నుండి తొంగిచూశాడు. ఆయన (స) ఆ సంగతి గ్రహించి తీవ్రంగా ఆగ్రహించారు. వాడు చూస్తున్నాడని ముందే తెలిసివుంటే చేతిలోని దువ్వెనతో వాడి కంట్లో పొడిచేవాడినన్నారు. అనుమతి కోరాలన్న ఆదేశం వచ్చిందే చూపు కారణంగా అని స్పష్టం చేశారు. తలుపుకు సందు ఎందుకు ఉందని ఇంటివారిని ఎవరూ నిలదీయలేదు. నేరం కన్నుది. ఈ ఒక్క మాట మన ఇళ్లలోని కుమారులకు ఈ రాత్రే చెప్పండి. చెల్లెలి ఫోను తెరిచి చూసే అన్నలకు కూడా.

చట్టం చేయవలసినది ఏమీ లేదా అంటే, ఉంది. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యరాశిలో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వర్షానికి తడిసిందన్నాడు వర్తకుడు. తడి ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు మనవాడు కాడన్నారు. నేటి కంపెనీల ఒప్పందాలు ఆ రాశి వంటివే. పైన పొడి మాటలు. తడి అంతా అడుగున. ఫేస్‌బుక్ నుండి 8 కోట్ల 70 లక్షల మంది వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా చేతికి అక్రమంగా వెళ్లివుండవచ్చని 2018లో ఆ కంపెనీయే అంగీకరించింది. అందులో మన దేశస్థులు సుమారు 5 లక్షల 60 వేల మంది. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ సంస్థ దానికి 500 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి. మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే ప్రకటనను తెలుగులోనో, ఉర్దూలోనో చదువుకునే వీలు కల్పించాలని ఆ చట్టం ఆదేశిస్తోంది. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. తడి ధాన్యాన్ని పైకి తెచ్చే ప్రయత్నమిది, స్వాగతిద్దాం.

అయితే ప్రభుత్వం తన సంస్థలను దేశ భద్రత వంటి కారణాలతో ఆ చట్టం నుండి మినహాయించుకోవచ్చునని కూడా అందులో ఉంది. ఇక్కడ పాలకులకు ఒక పాత కథనం గుర్తు చేయాలి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ఒక రాత్రి ఒక ఇంటి గోడ ఎక్కి లోపలివాణ్ణి తప్పు చేస్తుండగా పట్టుకున్నారట. నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారన్నాడతడు: కూపీ లాగారు, ద్వారం విడిచి గోడ ఎక్కారు, అనుమతీ సలామూ లేకుండా వచ్చారు. ఖలీఫా వాదించలేదు, వెనుదిరిగి వెళ్లిపోయారు. అంతటి పాలకుని అధికారం కూడా సామాన్యుని గోడ దగ్గర ఆగింది.

ఇక మన పని. జకాత్ జాబితా ఇకపై ఇద్దరు కమిటీ సభ్యుల వద్ద, కాగితం మీద మాత్రమే ఉంటుంది. దాతలకు మొత్తం ఎంత వచ్చిందో, ఎన్ని కుటుంబాలకు చేరిందో చెబుతాము, పేర్లు చెప్పము. పంపిణీ వేళ ఫోటోలు తీయకూడదు. దాత అడిగినా సరే. ఎవరి చిత్రమైనా దుర్వినియోగమైతే సిగ్గుపడి దాచుకోవద్దు. 1930 నంబరుకు ఫోను చేయండి, కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆడపిల్లలు తండ్రికి చెప్పడానికి భయపడితే మా ఇంటావిడ వద్దకు రావచ్చు. ఆ మాట నా దాకా కూడా రాదు.

నమాజు తరువాత వుజూ ఖానా పక్కన ఇద్దరు యువకులు కూర్చుంటారు. ఫోనులో ఏ యాప్‌కు కెమెరా, మైకు, పరిచయాల జాబితా తెరిచివుందో పెద్దలకు చూపి, అక్కరలేనివి మూయించి ఇస్తారు. ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి, వారికి ఇవ్వకండి. వారికి కూడా అదే చెప్పాను.

ఆ అమ్మాయి ఈ ఏడాది మళ్లీ పరీక్షలకు కట్టింది. యా అల్లాహ్! మేము బట్టబయలు చేసినదానిని నీవు కప్పివేయి. ఆమె మనసును కుదుటపరచు. నన్ను క్షమించు. ఆమీన్.