యాడ్-ఇన్నా? యాప్పా?

(కోటగిరి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభ్యుల పుట్టిన తేదీ, పి.పి.ఓ. నంబరు, మూల పెన్షను, కమ్యూటేషన్ తేదీ మన కంప్యూటర్లో ఎక్సెల్ పట్టికగా ఉన్నవి. దానికే యాడ్-ఇన్ తగిలించుకోవాలా, విడిగా మొబైల్ యాప్ చేయించుకోవాలా అన్నది ప్రశ్న. యాడ్-ఇన్ అంటే ఉన్న ఇంటికి దించిన వసారా. యాప్ వేరే జాగాలో కట్టే కొత్త ఇల్లు.

ఇందులో మన సొమ్ము ఉన్నది. తెలంగాణలో 75 ఏళ్లకు మొదలయ్యే అదనపు పెన్షను, 2021 వేతన సవరణ ఉత్తర్వులతో 70 ఏళ్లకే 15 శాతంగా వచ్చింది. కమ్యూట్ చేసిన భాగమేమో 15 ఏళ్లకు తిరిగి కలవాలి. ఈ తేదీలు ఎవరికి ఏ నెలలో పడుతున్నవో ముందే తెలిస్తే సబ్ ట్రెజరీలో గుర్తు చేయవచ్చును. దాటిపోతే బకాయి కోసం తిరగాలి. ఈ వయస్సులో ఆ మెట్లెక్కడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

యాప్‌ను తీసిపారేయడం లేదు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌కు 2021 నుండి ఫోనులో ముఖం చూపితే చాలును. కాని అది ఒక మనిషి, ఏడాదికొకసారి చేసే పని. మనకు అందరి వరుసలూ ఒక్కచోట కనబడాలి. పైగా శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సోదరుల సంగతి వేరు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. వారిది 1995 నాటి ఇ.పి.ఎస్. పెన్షను, కరువు భృతి లేదు, కనీస మొత్తం 2014లో వెయ్యి రూపాయలు చేశారు. పట్టికలో వారికి మరో షీటు చాలును. యాప్‌లో నిబంధన మారినప్పుడల్లా తయారుచేసినవారి గుమ్మం తొక్కాలి.

యాడ్-ఇన్‌కూ లోపమున్నది. మాక్రోలతో చేసినది ఫోనులోని ఎక్సెల్‌లో నడవదు, కంప్యూటర్ ముందు కూర్చోవలసిందే. ఇంటర్నెట్ నుండి దింపుకున్న ఫైళ్ల మాక్రోలను 2022 నుండి మైక్రోసాఫ్ట్‌వారే ఆపుతున్నారు. మంచిదే. వాట్సాప్‌లో ఎవరో పంపిన దానిని మాత్రం తెరవకండి.

నా ఓటు యాడ్-ఇన్‌కే. ముందుగా పదిమంది పెన్షను చేతితో లెక్కకట్టి, అది చెప్పినదానితో సరిచూడాలి. యాప్‌కే మొగ్గితే ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు బయటివారి సర్వరులో పెట్టనివ్వకండి.

ఏది ఎంచుకున్నా పుట్టిన తేదీ తప్పయితే లెక్కంతా తప్పే. వచ్చే సమావేశానికి పి.పి.ఓ. నకలు తెచ్చి, పట్టికలో మీ వరుస మీరే చూసుకొని సంతకం చేయండి. రాలేనివారి పత్రాలు పిల్లలతో పంపినా సరే. సెలవు.