విమానాశ్రయాల భద్రత: కన్సల్టెంటు చేయగలిగేది, చేయలేనిది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి, కానీ అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి" అన్నారు. రెండో షరతే కష్టమైనది. ప్రయత్నిస్తాను.

నేను పదో తరగతి ప్యాసై ఈ గేటు దాటింది 1984లో. ఇంజినీరింగు పూర్తిచేశాక నా ఉద్యోగమంతా విమానాశ్రయాల్లోనే గడిచింది. మా అమ్మ ఉన్నన్నాళ్లూ సబ్బవరం సంతలో కనబడిన ప్రతివాళ్లకీ "మావోడు ఇమానాల్లో పని సేత్తాడు" అని చెప్పుకునేది. నిజానికి నా పని విమానంలో కాదు, నేల మీద. రన్‌వే, దీపాలు, పసుపు గీతలు, కంచె, కాలువ, చివరికి గడ్డి కూడా నా పనే. గడ్డి పొడుగ్గా పెరిగితే పురుగులు చేరతాయి. పురుగుల కోసం పక్షులొస్తాయి. పక్షి ఇంజనులో పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మన విశాఖ విమానాశ్రయం పక్కనే మేఘాద్రిగెడ్డ ఉంది. నీళ్లున్నచోట కొంగలు రాకుండా ఉండవు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు జంతువులను కోయడం, చెత్త పోయడం చట్టం ఒప్పుకోదు. దాని వెనకున్న కారణం ఇదే. గోపాలపట్నంలో ఎవరో రోడ్డు పక్కన పారబోసే కోడి వ్యర్థాలకీ, పైన ఎగిరే విమానంలోని ప్రయాణికులకీ సంబంధం ఉంది.

ఇలాంటి సంబంధాలను ప్రమాదం జరక్కముందే వెతికి పట్టుకునే పద్ధతికి మా భాషలో సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు. పొట్టిగా ఎస్ఎంఎస్. ఫోన్లో వచ్చే ఎస్ఎంఎస్ కాదండోయ్. ఇందులో నాలుగు పనులున్నాయి. భద్రత బాధ్యత నాదేనని అందరికంటే పై అధికారి సంతకం పెట్టి ఒప్పుకోవడం మొదటిది. ప్రమాదం ఎటునుంచి రావచ్చో వెతకడం, అది ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా రావచ్చో లెక్కగట్టి తగ్గించడం రెండోది. తగ్గించామనుకున్నది నిజంగా తగ్గిందా అని మళ్లీ మళ్లీ చూసుకోవడం మూడోది. ఈ సంగతులు గడ్డి కోసే మనిషి దాకా అందరికీ తెలిసేలా చేయడం నాలుగోది.

ఇదంతా అవసరమా అనేవాళ్లకి నేనెప్పుడూ ఇటలీలోని మిలాన్ నగరం సంగతి చెబుతాను. 2001 అక్టోబరు 8 ఉదయం అక్కడి లినాటే విమానాశ్రయాన్ని దట్టమైన పొగమంచు కమ్మింది. ఒక చిన్న విమానం తాను వెళ్లాల్సిన దారి కాకుండా మరో దారి పట్టి, రన్‌వే మీదికి వచ్చేసింది. అప్పుడే ఎగరబోతున్న పెద్ద విమానం దాన్ని ఢీకొంది. 118 మంది చనిపోయారు. తప్పు పైలట్‌దేనని ఫైలు మూసేయొచ్చు. కానీ దర్యాప్తు చేసినవాళ్లు అక్కడితో ఆగలేదు. దారి చూపే గుర్తులు సరిగా లేవు. నేల మీద విమానాలను చూపించే రాడారు పనిచేయడం లేదు. ఆ చిన్న విమానం పైలట్ తానెక్కడున్నాడో నేల మీదున్న ఒక గుర్తు పేరుతో సరిగ్గానే చెప్పాడు. కాని ఆ గుర్తు మ్యాపుల్లో లేదు, కంట్రోలర్‌కి అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఆ విమానాశ్రయంలో పనిచేస్తున్న భద్రతా నిర్వహణ వ్యవస్థ అంటూ ఏదీ లేదని కూడా నివేదికలో రాశారు.

మన దగ్గర కూడా చూడండి. 2021 ఫిబ్రవరి 20న గన్నవరంలో, దోహా నుంచి వచ్చిన విమానం క్షేమంగా దిగింది. తీరా నిలిపే చోటికి వెళ్తూ, దాని రెక్క ఒక దీపస్తంభానికి తగిలింది. దేవుడి దయవల్ల ప్రయాణికులందరూ క్షేమం. ప్రమాదం ఆకాశంలోనే పొంచి ఉంటుందనుకోవడం పొరపాటని చెప్పడానికే ఇది గుర్తుచేశాను.

భద్రతా నిర్వహణ వ్యవస్థ ఉండాలని మన డీజీసీఏ 2010లో నిబంధన తెచ్చింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2013లో దీనికోసమే ప్రత్యేకంగా 19వ అనుబంధాన్ని అమల్లోకి తెచ్చింది. అమెరికాలో 2007 నుంచి కొన్ని విమానాశ్రయాల్లో ప్రయోగాత్మకంగా చేసి చూసి, 2023లో పెద్ద విమానాశ్రయాలకు తప్పనిసరి చేశారు. నిబంధన వచ్చిందంటే మాన్యువల్ కావాలి. మాన్యువల్ రాయడానికి చేతిలో మనుషులుండరు. అప్పుడు కన్సల్టెంట్లను పిలుస్తారు. అది తప్పేం కాదు. రోజూ చూసే గోడ మీద బీట మన కంటికి ఆనదు, కొత్తగా వచ్చినవాడికి ఇట్టే కనబడుతుంది. పది విమానాశ్రయాలు చూసిన మనిషి అనుభవం మనకు అక్కరకొస్తుంది. వాళ్లను పిలిచి మనం ఏమడుగుతున్నామన్న దగ్గరే తేడా వస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. గొప్పగా చెప్పుకునేది కాదు.

చాలా ఏళ్ల కిందట, వేరే రాష్ట్రంలో ఒక విమానాశ్రయంలో ఈ వ్యవస్థ నెలకొల్పే బాధ్యత నాకిచ్చారు. టెండరు పిలిచాం. తక్కువ ధర వేసిన సంస్థకు పని ఇచ్చాం. మూడు నెలలకు బైండు చేసిన మాన్యువల్ వచ్చింది. మూడు వందల పేజీల పైమాటే. తిరగేస్తుంటే ఒకచోట రన్‌వే మీద కురిసిన మంచును తొలగించే విధానం అని పెద్ద అధ్యాయం కనబడింది. మా ఊళ్లో ఏప్రిల్ వస్తే తారు కరిగి చెప్పులకు అంటుకునేది! (నవ్వులు) మీరు నవ్వారు, నేనూ ఆరోజు నవ్వాను. నవ్వి, ఆడిట్ దగ్గర పడిందని సంతకం పెట్టేశాను.

ఆ మాన్యువల్ ప్రకారం, ఎవరికైనా ప్రమాదకరంగా ఏదైనా కనబడితే చీటీ రాసి వేయడానికి ఒక ఎర్ర పెట్టె పెట్టాం. సామాను లాగే ట్రాక్టరు నడిపే డ్రైవరు ఒకతను మన చోడవరం వైపువాడు. యాసను బట్టే పోల్చుకున్నాను. అతనొక చీటీ వేశాడు. ఫలానా మలుపు దగ్గర పసుపు గీత చెరిగిపోయింది, వానపడితే రాత్రిపూట అసలు కనబడదు, మొన్న తన ట్రాక్టరు విమానం రెక్క కిందికి పోబోయి ఆగింది అని. నిజాయితీగా తన పొరపాటు కూడా రాశాడు. అతని షిఫ్టు అధికారికి ఆ చీటీలో రెక్క కిందికి పోబోయిన ట్రాక్టరు మాత్రమే కనబడింది. సంజాయిషీ అడిగి, మూడు రోజులు పని ఆపారు. ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నేను సరిగా చదవకుండానే సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఐదు నెలలు పెట్టెలో ఒక్క చీటీ పడలేదు. ఆడిట్‌కి వచ్చినవాళ్లకి ఆ ఖాళీ పెట్టె చూపించి, మా దగ్గర ప్రమాదాలకు తావే లేదండీ అని చెప్పాను. వాళ్లూ మెచ్చుకుని వెళ్లారు.

ఆరో నెలలో ఒక వానరాత్రి, అదే మలుపులో ఇంకో డ్రైవరు ట్రాక్టరు గీత తప్పి, సామాను ఎక్కించే కుర్రాణ్ణి గుద్దేసింది. ఇరవై రెండేళ్లవాడు. కాలు రెండుచోట్ల విరిగింది. మళ్లీ నడిచాడు గానీ బరువులెత్తే పనికి పనికిరాలేదు. ఆసుపత్రి వరండాలో మొదట చీటీ రాసిన డ్రైవరు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నాను ముందే సెప్పీసాను కద సార్. సెప్పినందుకు మూడ్రోజుల కూలి పోయింది. ఇంకెవుడు సెప్తాడు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఏ మాన్యువలూ కాదు, మన లెక్కల మాస్టారు. పేరు చెప్పక్కర్లేదు, ఇక్కడున్న సగం మందికి తెలుసు. తప్పు చేసిన లెక్కను బోర్డు మీదికొచ్చి వేసి చూపించమనేవారు. "తప్పు చూపించినోడికి దెబ్బ లేదు, చూసి రాసినోడికే దెబ్బ" అనేవారు. అందుకే ఆయన క్లాసులో చేతులు లేచేవి. బెత్తం పట్టుకు తిరిగే క్లాసుల్లో "అర్థమైందా?" అంటే అందరం "అయిందండీ" అనేవాళ్లం. అక్కడా పెట్టె ఖాళీయే కదా! పరీక్షల ముందు అనకాపల్లి వెళ్లి గైడ్లు కొనుక్కొచ్చిన రోజులు కూడా గుర్తొచ్చాయి. గైడులో జవాబులన్నీ ఉండేవి. ఆ లెక్క మాత్రం మనకి వచ్చేది కాదు. నేను కొన్న మాన్యువల్ అలాంటి గైడే.

తర్వాత మేం రెండోసారి కన్సల్టెంటును పెట్టుకున్నాం. ఈసారి ఏమడగాలో తెలిసింది. మీలో రేపు ఎవరైనా ఫ్యాక్టరీకో, ఆసుపత్రికో, విమానాశ్రయానికో ఇలాంటివాళ్లను పెట్టుకోవాల్సి వస్తే పనికొస్తుందని చెబుతున్నాను.

ధర ఒక్కటే చూడొద్దు. నాణ్యతకీ ధరకీ కలిపి మార్కులు వేసి ఎంచుకునే పద్ధతి ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది, దాన్ని వాడుకోండి. సంస్థ పేరు చూసి మురిసిపోకుండా, మన దగ్గరకొచ్చి కూర్చునే మనిషి ఎవరో, ఆయన ఇదివరకు ఏ నేల మీద పనిచేశాడో అడగండి. పని ఒప్పందంలో పేజీలు లెక్కపెట్టొద్దు. రాత్రి షిఫ్టుతో ఎన్ని రాత్రులు తిరుగుతారని రాయించుకోండి. మేం పెట్టుకున్న రెండో ఆయన మొదటి వారమంతా నోటుపుస్తకం తెరవలేదు. డ్రైవర్లతో, లోడర్లతో, ఫైరు సిబ్బందితో టీ తాగుతూ వింటూ కూర్చున్నాడు. ఆ వారంలో ఆయన విన్న సంగతులు మా మూడు వందల పేజీల్లో ఎక్కడా లేవు.

మొదటి రోజు నుంచే మన మనిషిని ఒకణ్ణి ఆయన పక్కన పెట్టండి. కన్సల్టెంటు వెళ్లిపోయాక ఆ వ్యవస్థను నడిపేది ఆ మనిషే. అతను నేరుగా పై అధికారితో మాట్లాడగలగాలి, మధ్యలో ఎవరూ ఆపకూడదు. చిన్న విమానాశ్రయానికి చిన్న మాన్యువల్ చాలు. పెద్దవాడి చొక్కా పిల్లాడికి తొడిగితే కాళ్లకు అడ్డం పడుతుంది. ఇక చివరి వాయిదా డబ్బు మాన్యువల్ అందిన రోజున ఇచ్చేయొద్దు. ఆరు నెలలాగి, కింది సిబ్బంది నుంచి చీటీలు వస్తున్నాయా, వచ్చినవాటి మీద పని జరుగుతోందా చూసి ఇవ్వండి.

ఇన్ని చేసినా కన్సల్టెంటు చేయలేని పని ఒకటి మిగిలిపోతుంది. నిజం చెప్పినవాడికి శిక్ష ఉండదని ఆయన మాన్యువల్లో రాయగలడు. దాన్ని నిలబెట్టడం మాత్రం జీతాలిచ్చే అధికారి వల్లే అవుతుంది. దీని అర్థం ఏం చేసినా వదిలేయమని కాదు. తాగి బండి నడిపినవాణ్ణి, తెలిసి తెలిసి నిబంధన తొక్కినవాణ్ణి వదలకూడదు. పొరపాటు జరిగి, దాన్ని తానే వచ్చి చెప్పినవాడి సంగతి వేరు. మేం ఆ డ్రైవరుకు పోయిన మూడు రోజుల కూలి తిరిగిచ్చాం. షిఫ్టులవాళ్లందరి ముందు నిలబడి, ఆ కాగితం మీద సంతకం నాదేనని, అది తప్పని చెప్పాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్ని ప్రసంగాల్లోకీ అదే కష్టమైనది. మర్నాడే గీత మళ్లీ వేశారు. మొదటి నెల పెట్టెలో రెండే చీటీలు పడ్డాయి. నాలుగో నెలకి అవి చదవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. అప్పుడే నాకు కాస్త నిద్రపట్టింది.

ఈ మాటలు ఇక్కడే ఎందుకు చెబుతున్నానంటే, మన ఊరి చుట్టూ ఇప్పుడు అన్నీ ఇలాంటి చోట్లే. పరవాడలో, అచ్యుతాపురంలో మన పిల్లలు షిఫ్టులు చేస్తున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో గ్యాసు లీకైనప్పుడు మనలో ఎంతమంది చుట్టాల కోసం ఫోన్లు పట్టుకుని కూర్చున్నామో గుర్తుండే ఉంటుంది. రేపు భోగాపురం విమానాశ్రయం మన ఉత్తరాంధ్ర పిల్లలకు వందల రకాల ఉద్యోగాలిస్తుంది. వీటన్నిటికీ అందంగా బైండు చేసిన మాన్యువళ్లు ఉంటాయి. అధికారులైన పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే: మీ పెట్టె ఖాళీగా ఉంటే సంబరపడకండి, భయపడండి. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది, చెరిగిన గీత కనబడితే చీటీ వేయండి. ఒకసారి వినకపోతే రెండోసారి వేయండి.

గురువులకు చెప్పేంతటివాణ్ణి కాను. అయినా, తప్పు చేసిన లెక్కతో బోర్డు దగ్గరికి రావడానికి భయపడని పిల్లల్ని మీరు తయారుచేసి పంపితే, మాలాంటివాళ్ల పని సగం అయిపోయినట్టే. మా మాస్టారు నాకది నేర్పారు. దాన్ని నేను మధ్యలో మరిచిపోయాను, దాని ఖరీదు ఇంకొకరు కట్టారు.