సెకండ్ హ్యాండ్ కారు: ఆల్ వీల్ డ్రైవా, రియర్ వీల్ డ్రైవా?

ఈరోజు టాపిక్ అమెరికాలో ఉన్న మన కుర్రాళ్ళ కోసం. ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగం రాగానే చాలామంది కన్ను పాత బీఎండబ్ల్యూ 328ఐ మీదో, లెక్సస్ ఐఎస్ 250 మీదో, ఇన్ఫినిటీ జీ37 మీదో పడుతుంది. కరోలా, సివిక్ కొనేవాళ్ళకి ఈ గొడవ లేదు, అవి ముందు చక్రాలతో నడిచే బళ్ళు. కానీ నేను చెప్పిన ఈ మూడూ రెండు రకాలుగా దొరుకుతాయి. వెనక చక్రాలకే పవర్ వెళ్ళేది ఒకటి, నాలుగింటికీ వెళ్ళేది ఇంకొకటి. బీఎండబ్ల్యూలో ఎక్స్‌డ్రైవ్ అని రాసి ఉంటే నాలుగింటికీ అన్నమాట.

మా బాబాయి కొడుక్కి డల్లాస్ నుంచి డెట్రాయిట్ దగ్గరికి ఉద్యోగం మారింది. "అన్నా, స్నో కదా, ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే సేఫ్ కదా?" అన్నాడు. నేను ఒకటే అడిగాను. "సేఫ్ అంటే ఏంట్రా, కదలడమా, ఆగడమా?"

ఇక్కడే అసలు సంగతి ఉంది. మంచులో సిగ్నల్ దగ్గర ఆగిన కారు మళ్ళీ కదలాలంటే, ఎత్తు ఎక్కాలంటే, ఆల్ వీల్ డ్రైవ్ నిజంగా పనికొస్తుంది. కాదనను. కానీ బ్రేకు నొక్కినప్పుడు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి కదా! అక్కడ ఆపేది టైరు రబ్బరే. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న కారు చకచకా స్పీడు అందుకుంటుంది కాబట్టి రోడ్డు బాగానే ఉందని మనకి అనిపిస్తుంది. ఆ ధైర్యమే ప్రమాదం.

స్నో లేని ఊరు కదా, మాకేంటి అనుకోకండి. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్ ఫోర్ట్ వర్త్‌లో తెల్లవారుజామున రోడ్డు మీద సన్నని ఐసు పొర కట్టింది. హైవే మీద 130కి పైగా బళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అలాంటి ఐసు మీద ఎన్ని చక్రాలకి పవర్ వెళ్తోంది అన్నది మిమ్మల్ని ఆపదు.

అందుకే మా వాడికి నేను చెప్పింది, వెనక చక్రాల బండి అయినా సరే, నాలుగు వింటర్ టైర్లు వేసుకో అని. రెండు కాదు, నాలుగు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి పోయేకొద్దీ గట్టిపడిపోతుంది, వింటర్ టైరు మెత్తగా ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి. ఉత్త ఎం ప్లస్ ఎస్ అని ఉంటే అది వేరే లెక్క. ఇంకోటి, 2012 మోడల్ నుంచి అక్కడ అమ్మే కార్లన్నిటిలో స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. వెనక భాగం జారితే అది కొంత సర్దుతుంది. అంతకన్నా పాత బండి అయితే ఉందో లేదో అడిగి కొనండి.

ఇప్పుడు డబ్బుల సంగతి. సెకండ్ హ్యాండ్‌లో ఆల్ వీల్ డ్రైవ్ కొంటే, ఇంజన్ కన్నా ముందు నేను టైర్లు చూస్తాను. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకేలా అరిగి ఉండాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి ఉంటే, అరిగిన చక్రం కాస్త చిన్నదవుతుంది, అంటే ఎక్కువసార్లు తిరగాలి. ఆ తేడాని ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ ప్లేట్లు రోజంతా భరిస్తూ ఉంటాయి, వేడెక్కి అరిగిపోతాయి. అది బాగు చేయించడం మామూలు ఖర్చు కాదు, మొదటి జీతాలు ఎగిరిపోతాయి. పాత ఓనరు పంక్చరైందని ఒక్క టైరు మార్చి చేతులు దులుపుకుంటే, బిల్లు మీకొస్తుందన్నమాట.

టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా గుండ్రంగా తిరగండి. పట్టేసినట్టు, కుదుపుతున్నట్టు అనిపిస్తే ఆ బండి వదిలేయండి, ఎంత తగ్గించినా సరే. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ బ్రో" అంటే నవ్వి ఊరుకోండి.

ఆల్ వీల్ డ్రైవ్ బళ్ళు ఎక్కువగా మంచు రాష్ట్రాల్లో తిరిగినవే ఉంటాయి. అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైన పెయింట్ మెరుస్తుంది, కింద తుప్పు తింటుంది. లిఫ్ట్ మీద ఎక్కించి బ్రేకు పైపులు చూపించమనండి.

మా వాడు చివరికి టెక్సాస్‌లో తిరిగిన వెనక చక్రాల 328ఐ తీసుకున్నాడు, తుప్పు లేదు. మిగిలిన డబ్బుతో వింటర్ టైర్లు. వాడుండేది చదునైన చోటు, రోడ్డు కూడా త్వరగానే శుభ్రం చేస్తారు. అదే ఇంటి ముందు ఏటవాలు డ్రైవ్‌వే ఉండి, తెల్లారి ఐదింటికి షిఫ్టుకి పోవాల్సిన వాళ్ళయితే ఆల్ వీల్ డ్రైవే తీసుకోమంటాను, అదే టైర్లతో.

వచ్చే ఎపిసోడ్‌లో ఇన్సూరెన్స్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.