నీళ్లు తాగని ప్రయాణాలు



2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. మంచిదే. అయినా పెద్ద అంబర్‌పేట్‌లో విజయవాడ రోడ్డు మీద బస్సుకోసం నిలబడే పెద్దవయసు స్త్రీ పొద్దుటినుంచీ నీళ్లు తాగదు. మూత్రం ఎక్కువయ్యే బీపీ మాత్ర ఆ పూటకి మానేస్తుంది. మగవాళ్లకు గోడ చాలు.

మగవాళ్లకు ఉచితమైనదానికి స్త్రీలెందుకు డబ్బు కట్టాలని 2011లో ముంబైలో సంఘాలు ఉద్యమించాయి. వయసు మీదపడ్డాక గది ఒక్కటే చాలదు. వంగని మోకాళ్లకు కమోడ్, పట్టుకునే కడ్డీ, నీళ్లు, గడియ, దీపం కావాలి.

రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతటా తిరిగే స్వేచ్ఛ ఇచ్చింది. మరుగుదొడ్డి లేనిచోట ఆ స్వేచ్ఛ సగం మందిదే. కనుక బస్టాపులవారీగా మనమే లెక్కతీద్దాం: దొడ్డి ఉందా, తాళం ఎవరి దగ్గరుంది, ఎన్నింటికి మూస్తారు? ఆ లెక్కతోనే మునిసిపాలిటీని నిలదీద్దాం.