బాలల పేరిట పొదుపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తపాలా కార్యాలయములందు పొదుపు బ్యాంకు 1882లో ఆరంభమైనది. నేడు 500 రూపాయలతో అందు బిడ్డ పేరిట ఖాతా తెరువవచ్చును. పదేండ్లలోపు బిడ్డకు సంరక్షకుడు సంతకము చేయును. పదేండ్లు నిండిన బిడ్డ తన ఖాతాను తానే నడుపుకొనవచ్చును.

తెరచుట సులభము, కాపాడుట కష్టము. ఇందుకు నేనే సాక్షిని. ఒక యేడు వానలు లేక, ఎరువుల బాకీ తీర్చుటకై నా కుమార్తె ఖాతానుండి సొమ్ము తీసితిని. సంరక్షకుడు తీయునపుడు, అది బిడ్డ అవసరమునకే యని వ్రాసి యీయవలెను. నేనట్లే వ్రాసి సంతకము చేసితిని. ఆ మాట నిజము కాదు. పంట వచ్చిన పిదప సొమ్ము తిరిగి వేసితిని. కాని "నన్నడుగలేదేమి నాన్నా?" యని బిడ్డ అడిగినపుడు బదులు చెప్పలేకపోతిని.

కావున నా విన్నపము: పాసుపుస్తకమును పెట్టెలో దాచక బిడ్డచేత చదివింపుడు. పదేండ్లు నిండగనే వెంటబెట్టుకొనిపోయి సంతకము చేయింపుడు. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరములు లావాదేవీ లేనిచో ఖాతా నిలిచిపోవును. ఏటికొకసారియైనను కొంత వేయుడు. తమ చేయి ఆగదనుకొనువారు పదేండ్లలోపు ఆడపిల్లకు, 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా తెరువుడు. పదవ తరగతి ముగియకయో, పదునెనిమిదేండ్లు నిండకయో అందు చదువునకైనను సొమ్ము తీయ వీలులేదు.

మన గ్రంథాలయమున పిల్లలు తమ పుస్తకమునకు తామే సంతకము చేయుచున్నారు గదా! తమ సొమ్మునకును అట్లే చేయనిండు.