మిగిలిన దంతములు – మన నోటి ఆరోగ్యము
(చిలకలూరిపేట వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



"నోరు మంచిదైన ఊరు మంచిదగు"నని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెత మాటతీరునుగూర్చినది. నేను నోటినిగూర్చియే కొన్ని మాటలు విన్నవింపదలచితిని. ఇంతటి సభలో పండ్ల ప్రసంగమేమని నవ్వవలదు. నవ్వినపుడు కనబడునవియు నవియే గదా!

మా పెదతండ్రిగారికి 70 ఏండ్ల ప్రాయమున 14 పండ్లు మిగిలియుండెను. నోరెట్లున్నదని యడిగిన "నొప్పి లేదు, నాకేమి లోపము?" అనెడివారు. కాని చెఱకు, చెక్కలు, జామపండు మానివేసి యెన్నియో యేండ్లయ్యెను. రొట్టెను పాలలో నానవేసికొని తినుచుండిరి. పదుగురి నడుమ నమలుటకు సంకోచించి తుదకు విందుపంక్తికే రాకుండిరి. లోపమునకు అలవాటుపడుటచే అది లోపముగ తోచలేదు. మఱి రెండేండ్లలో ఆ 14 పండ్లలో తొమ్మిది కదలి యూడిపోయెను.

మనము నోటి ఆరోగ్యమును నొప్పిచేతను, పోయిన పండ్ల లెక్కచేతను కొలుచుచున్నాము. మిగిలిన పండ్ల స్థితిని చూచుట లేదు. పెద్దవారికి 32 దంతములు. కనీసము 20 నిలిచియున్నచో నమలుట చక్కగ సాగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తలచినది. జపానులో 80 ఏండ్లకు 20 పండ్లు నిలుపుకొనవలెనను ఉద్యమము 1989లో ఆరంభమైనది. అయితే ఆ ఇరువదియు గట్టిగ నుండవలయును గదా!

మన ప్రత్తిచేలలో కాయ పైకి పచ్చగ నుండగనే గులాబిరంగు పురుగు లోపల గింజను తినివేయును. కాయ చీల్చి చూచినగాని రైతునకు తెలియదు. చిగుళ్ళవ్యాధియు నట్టిదే. పాచి గట్టిపడి గారయగును. చిగురు వాచి రక్తము స్రవించును. క్రమముగ పంటిని పట్టియుంచు ఎముక క్షీణించును. ఇంత జరుగుచున్నను పెక్కుసారులు నొప్పియుండదు. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారికి రక్తము తక్కువగ స్రవించుటచే వ్యాధి మఱింత మరుగుపడును. పొగాకు పండించు సీమవారమగు మనము దీనిని మఱువరాదు. మధుమేహమున్నవారికి ఈ వ్యాధి మఱింత తీవ్రమగును.

ఇందుకు విపరీతమైన దృష్టాంతము మన పొరుగుననే కలదు. దర్శి, పొదిలి ప్రాంతములు పూర్వము నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని 1937లో వైద్యులు వెల్లడించిరి. చిన్ననాట, దంతములు రూపొందు కాలమున, అట్టి నీరు త్రాగినవారి పండ్లపై మరకలేర్పడును. వ్యాధి స్వల్పమైనచో పన్ను దృఢముగనే యుండును. అయినను ఆ యువతీయువకులు నోటికి చేయి యడ్డము పెట్టుకొని నవ్వుదురు. గట్టి పన్ను గలవాడు సిగ్గుపడుచుండగా, కదలు తెల్లపన్ను గలవాడు నిశ్చింతగ నున్నాడు!

"పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి" యందురు. మనమో, ఏ రాయియు లేకయే ఉపేక్షచేత నూడగొట్టుకొనుచున్నాము.

కావున నా విన్నపమిది. వచ్చు వార్షికసభనాడు భోజనములకు ముందు దంతవైద్యుని రప్పించి, పెద్దలకును విద్యార్థులకును పరీక్ష చేయింపవలయును. పరీక్షకు ముందు ప్రతివారును తమ నోరు బాగుగ నున్నదో లేదో చీటిపై వ్రాసి, పిమ్మట వైద్యుని మాటతో పోల్చుకొనవలయును. ఆ భేదమే మనకు కనువిప్పు కాగలదు. దాతలు ఈ స్వల్పవ్యయమును వహించినచో మన వృద్ధులు మరల విందుపంక్తిలో కూర్చుందురు.

దీనిని తీర్మానముగ స్వీకరింప ప్రార్థించుచు విరమించుచున్నాను.