ఒంటరిగా కదలని డబ్బా

భువనగిరి స్టేషన్లో ప్యాసింజర్ కోసం నిలబడ్డవాళ్లకు గూడ్సు బండి అంటే చికాకు. అది పోతేగాని మన బండి రాదు. దాన్ని తిట్టుకునేవాళ్లే గాని తేరిపార చూసేవాళ్లు తక్కువ. ఇవాళ దాని సంగతే చెబుతాను. అందులోనూ నాలుగు వైపులా గోడలు, పైన కప్పు, తలుపులకు సీలు ఉండే మూత వ్యాగన్ గురించి.

సింగరేణి బొగ్గు తడిసినా పెద్ద నష్టం లేదు, కనుక పైన తెరిచి ఉన్న వ్యాగన్లలో పోతుంది. బియ్యం, సిమెంటు, యూరియా అలా కాదు. మన పక్కనున్న బీబీనగర్లో చీలిన లైను నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా నడికుడికి పోతుంది. ఆ దారిలో మిర్యాలగూడ మిల్లుల బియ్యం ఉంది, వాడపల్లి వైపు సిమెంటు ఉంది. ఈ సరుకులకు కప్పే ప్రాణం. కప్పు చిల్లిపడిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. లోపల నిలబడి తలుపులు మూయించి, ఎక్కడైనా వెలుతురు చుక్క కనబడుతుందేమో చూస్తే చాలు.

భువనగిరి మీదుగా పోయే ఈ సికింద్రాబాద్–కాజీపేట మార్గం నిజాం కాలం నాటిది. 1889 నాటికే పట్టాలు బెజవాడ చేరాయి. ఆ తర్వాత చాలా దశాబ్దాలు దీనిమీద తిరిగినవి నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు. అప్పట్లో ఓ వ్యాపారి ఒక్క వ్యాగనే బుక్ చేసుకోవచ్చు. దాన్ని ఒక బండి నుంచి విప్పి, యార్డులో ఇంకో బండికి తగిలించి, చివరికి ఊరు చేర్చేవారు. ఎప్పుడు చేరుతుందో మాత్రం అడగొద్దు! 1980ల నుంచి రైల్వే ఈ పద్ధతిని తగ్గించుకుంటూ వచ్చింది. ఎక్కిన చోటు నుంచి దిగే చోటు దాకా మొత్తం రేకు, అంటే వ్యాగన్ల వరుసంతా, ఒకటిగా పోవాలన్నది కొత్త లెక్క. సరుకు వేగంగా చేరింది, నిజమే. చిన్న వ్యాపారి మాత్రం లారీ వెతుక్కున్నాడు. ఈ రెండో సంగతిని రైల్వే ప్రగతి కథల్లో ఎవరూ పెద్దగా చెప్పరు.

వ్యాగన్ రూపం కూడా ఆ లెక్క ప్రకారమే మారింది. ఎనిమిది చక్రాల బీసీఎన్ అనే రకం వచ్చింది. పొడవు 15 మీటర్ల పైచిలుకు, ఖాళీ బరువే 27 టన్నులు. 2000 తర్వాత వచ్చిన బీసీఎన్‌హెచ్ఎల్ పొడవు 11 మీటర్లకు కాస్త తక్కువ, ఖాళీ బరువు 21 టన్నుల లోపు. పొట్టిదై, ఎత్తూ వెడల్పూ పెంచుకుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడటంతో ఒళ్లు తేలికైంది, తుప్పు బాధా తగ్గింది. ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నుల బరువు మోయగలదు కనుక సుమారు 70 టన్నుల సరుకు పడుతుంది. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 1400. స్టేషన్లలో బండి పక్కకు ఆగే లూపు లైను పొడవు మారదు. బండి అందులోనే ఒదగాలి. వ్యాగన్ను పొట్టిగా చేస్తే 42 పట్టేచోట 58 పడతాయి. ఈ ఉపాయం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 58 వ్యాగన్లంటే ఎనభై వేల బస్తాలు. వాటిని దించేది మాత్రం ఇప్పటికీ హమాలీల భుజాలే. గడువు దాటితే డెమరేజి అనే జరిమానా పడుతుంది కాబట్టి రేకు వచ్చిందంటే రాత్రి లేదు, పగలు లేదు.

అమెరికాలో కథ వేరు. అక్కడ మూత వ్యాగన్ను బాక్స్‌కార్ అంటారు. కంటెయినర్లు వచ్చి దాని పని చాలావరకు లాక్కున్నా, కాగితం చుట్టలూ కారు విడిభాగాలూ మోస్తూ ఇంకా ఒక్కొక్కటిగా తిరుగుతూనే ఉంది. ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. 1974లో మొదలైన రెయిల్‌బాక్స్ వాళ్ల పసుపు పెట్టెలు ఎంత దూరంనుంచైనా గుర్తుపట్టవచ్చు. అందుకే బొమ్మ రైళ్లు కట్టేవాళ్లకు బాక్స్‌కార్ అంటే ప్రాణం. ప్రతి పెట్టెకూ ఓ చీటీ రాసుకుంటారు: ఏం సరుకు, ఏ ఫ్యాక్టరీ నుంచి, ఎక్కడికి అని. ఆ చీటీ ప్రకారం విప్పుతూ తగిలిస్తూ సాయంత్రాలు గడిపేస్తారు.

మన వ్యాగన్లతో ఆ ఆట సాగదు, అన్నీ ఒకే ఊరికి పోతాయి గనుక. పైగా కొలతల చిక్కు ఒకటుంది. బాగా చెల్లుబాటయ్యే బొమ్మ కొలత అసలులో 87వ వంతు. ఆ కొలతలో మన బ్రాడ్‌గేజి 19 మిల్లీమీటర్ల పైన రావాలి. బజారులో దొరికే పట్టాలు విదేశీ గేజికి తగ్గట్టు పదహారున్నర మిల్లీమీటర్లే. మనవాళ్లు చాలామంది ఆ తేడాను చూసీచూడనట్టు వదిలేస్తారు. ఒక్క బీసీఎన్‌హెచ్ఎల్ బొమ్మ పన్నెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. పూర్తి రేకు కావాలంటే 24 అడుగులు. ఏ ఇంట్లో అంత గోడ ఉంటుంది?

పిల్లలు కట్టాలనుకుంటే నా సలహా ఇది. మెయిన్ లైను జోలికి పోవద్దు. ఒక గూడ్సు షెడ్డు, దాని పక్కన పొట్టి లైను చాలు. నిజమైన షెడ్లలో కూడా రేకు మొత్తం పట్టని చోట్లున్నాయి. అక్కడ బండిని ముక్కలు చేసి, ఒక ముక్క ఖాళీ అయ్యాక ఇంకోటి తెచ్చి పెడతారు. కాబట్టి ఆరు వ్యాగన్లు పెట్టినా అబద్ధం కాదు. ఇంజను ఇటు తోసి, అటు లాగి, మిగతావి తెచ్చుకోవడానికి పోతుంది. తలుపులు బయటికి తెరిచి ఉంచండి, ప్లాట్‌ఫాం నిండా బస్తాలు పేర్చండి, అవతల లారీలు వరుసగా నిలపండి. హమాలీల బొమ్మలు మాత్రం ఎక్కువే కావాలి.